నాణేల ఆల్బమ్: ఏ బిళ్ళ ఎందులో పెట్టాలి, ఎలా పెట్టాలి

నాణేల ఆల్బమ్ కొనేటప్పుడు మొదట వాసన చూడండి. పేజీ తెరవగానే కొత్త రెయిన్‌కోటు వాసన గుప్పుమంటే అది నాణేలను చెడగొట్టే పీవీసీ ప్లాస్టిక్. అట్ట ఎంత అందంగా ఉన్నా, అమ్మేవాడు ఎంత తగ్గించి ఇస్తానన్నా అక్కడే వదిలేసి రండి. ఊళ్ళలో స్టేషనరీ షాపుల్లో, ఆన్‌లైన్‌లో చవగ్గా దొరికే చిన్న జేబుల ఆల్బమ్‌లలో చాలావరకు ఇదే ప్లాస్టిక్. మెత్తగా, నున్నగా ఉంటుంది, పేజీకి పేజీ అతుక్కుంటుంది.

పీవీసీ సహజంగా గట్టిగా ఉంటుంది. మెత్తబడటానికి అందులో నూనెలాంటి పదార్థం కలుపుతారు. కొన్నాళ్ళకు ఆ నూనె బయటికి ఊరుతుంది. ప్లాస్టిక్ కూడా మెల్లగా చెడుతూ హైడ్రోక్లోరిక్ ఆమ్లాన్ని వదులుతుంది. రెండూ కలిసి నాణెం మీద పచ్చగా, జిగటగా పేరుకుంటాయి. రాగి, కంచు, ఇత్తడి, రాగి-నికెల్ బిళ్ళలకు ఇది మరీ త్వరగా పడుతుంది. వేడి పెరిగేకొద్దీ వేగం పెరుగుతుంది కాబట్టి, మన మే నెలలో పై అంతస్తు గదిలో ఉన్న ఆల్బమ్ పరిస్థితి ఊహించుకోవచ్చు. తొలిదశలో పట్టుకుంటే ఆ జిగట పోతుంది. ముదిరితే లోహాన్నే తినేసి గుంటలు మిగులుస్తుంది, వాటికి మందు లేదు.

వాసన సరిపోక అనుమానం మిగిలితే ఒక పరీక్ష ఉంది. జానెడు రాగి తీగ తీసుకుని, ఒక కొసను బట్టలకు పెట్టే చెక్క క్లిప్పుతో పట్టుకోండి. రెండో కొసను గ్యాస్ మంటలో ఎర్రగా కాల్చండి. మంటకు తీగ వల్ల వచ్చే రంగు పూర్తిగా పోయేదాకా ఉంచాలి. ఆ వేడి కొసను పేజీ మూల నుంచి కత్తిరించిన చిన్న ముక్కకు అంటించి, కాస్త ప్లాస్టిక్ అంటుకోగానే మళ్ళీ మంటలో పెట్టండి. మంట ముదురు ఆకుపచ్చగా వెలిగితే అందులో క్లోరిన్ ఉన్నట్టు, అంటే దాదాపు ఖాయంగా పీవీసీ. ఆ పొగ మంచిది కాదు. గోరంత ముక్కతో, తలుపులన్నీ తెరిచి, నాణేలు వేరే గదిలో ఉండగా చేయండి.

భరోసాగా వాడదగ్గ ప్లాస్టిక్కుల పేర్లు గుర్తుపెట్టుకోండి. మెత్తటివాటిలో పాలీప్రొపిలీన్, పాలీఇథిలీన్, మైలార్ అని పిలిచే పాలియెస్టర్. గట్టివాటిలో పాలీస్టైరీన్, అక్రిలిక్. ప్యాకెట్ మీద వీటిలో ఏదో ఒక పేరు రాసి ఉంటే కొనండి. ఉత్త ‘నాణేల ఆల్బమ్’ అని మాత్రమే ఉంటే వద్దు.

ఎలాంటి ఆల్బమ్

ఎక్కువమందికి సరిపోయేది ఒకటే ఏర్పాటు: ఒక్కో నాణేన్ని రెండంగుళాల చదరపు అట్ట హోల్డర్‌లో పెట్టి, ఆ హోల్డర్లను 20 జేబుల పాలీప్రొపిలీన్ పేజీలో దోపి, పేజీలను రింగు ఫైలుకు ఎక్కించడం. హోల్డర్ అంటే మధ్యలో గుండ్రటి కిటికీ, దానికి పల్చటి మైలార్ పొర ఉన్న మడత అట్ట. మడిచాక అంచులకు స్టేప్లర్ పిన్నులు కొట్టి మూస్తారు. నాణెం రెండు పక్కలా కనిపిస్తుంది, వేలు తగలదు, వివరాలు రాసుకోవడానికి అట్ట మీద చోటుంటుంది. వరస మార్చాలంటే జేబులో నుంచి తీసి ఇంకో జేబులో పెడితే చాలు.

అట్టలో గుండ్రటి గూడు చేసి, పైన ప్లాస్టిక్ పట్టీ జరిపే రకం ఆల్బమ్‌లు చూడటానికి దర్జాగా ఉంటాయి. పట్టీ జరిపిన ప్రతిసారీ అది నాణెం మీద ఎత్తుగా ఉన్న చోట, అంటే చక్రవర్తి చెంప మీదో సింహం జూలు మీదో, సన్నటి గీతలు వేస్తుంది. వాడి అరిగిన చిల్లర పెట్టుకోవడానికి ఫరవాలేదు, మెరుపు పోని బిళ్ళలకు వద్దు.

ఫైలు రింగులు గుండ్రంగా కాకుండా ఒక వైపు చదునుగా, ఇంగ్లిష్ డి అక్షరం ఆకారంలో ఉండాలి. గుండ్రటి రింగుల్లో పేజీలు అంచున ఇరుక్కుని రంధ్రాల దగ్గర చిరుగుతాయి. బరువు కూడా లెక్కేసుకోండి. 1962 నాటి నికెల్ రూపాయి ఒక్కోటి 10 గ్రాములు, అలాంటివి 20 పెడితే ఒక్క పేజీలో నాణేలే 200 గ్రాములు. పది పేజీలకు రెండు కిలోలు, అట్టల బరువు పైన. ఒక ఫైలుకు 12 నుంచి 15 పేజీలు దాటించకండి.

కిటికీ కొలతలు

హోల్డర్లు అన్నీ బయటికి ఒకే సైజు, కిటికీలు మాత్రం 17.5, 20, 22.5, 25, 27.5, 30, 32.5, 35, 39.5 మిల్లీమీటర్లలో వస్తాయి. నాణెం కంటే కిటికీ కనీసం ఒక మిల్లీమీటరు పెద్దదిగా ఉండాలి. సరిగ్గా అదే కొలతైతే అంచు అట్టకు రాసుకుంటుంది, మైలార్ బిగిసి చిట్లుతుంది. మరీ పెద్దదైతే నాణెం పక్కకు జారి అట్ట కిందికి దూరి, పిన్ను దాకా పోతుంది.

మన బిళ్ళలకు ఏది సరిపోతుందంటే, 16 మి.మీ. ఉండే నయాపైసాకు 17.5 కిటికీ. పావలా బిళ్ళలు, నికెల్‌వైనా స్టీలు ఖడ్గమృగానివైనా, 19 మి.మీ. కాబట్టి 20. మామూలు ఐదు రూపాయలు, 2019 శ్రేణికి ముందువి, 23, వాటికి 25. 1992 నుంచి 2004 దాకా వచ్చిన స్టీలు రూపాయి 25, దానికి 27.5. పదకొండు మూలల రెండు రూపాయలు 26, పెద్ద అల్యూమినియం పది పైసలు కూడా 26, రెండింటికీ 27.5. రెండు లోహాల పది రూపాయలు, పన్నెండు మూలల ఇరవై రూపాయలు 27, వీటికి 30 తీసుకోవడం మేలు. 28 మి.మీ. పాత రూపాయికి కూడా 30. బ్రిటిష్ కాలపు వెండి రూపాయి 30 దాటుతుంది, 32.5 కావాలి. 1969 గాంధీ శతజయంతి వెండి పది రూపాయలు 34, దానికి 35. స్మారక వంద రూపాయల నాణేలు 44 మి.మీ. ఉంటాయి, అవి ఈ హోల్డర్లలో పట్టనే పట్టవు. వాటికి విడిగా గట్టి ప్లాస్టిక్ క్యాప్స్యూల్ కొనండి.

మూడు పైసలు, ఇరవై పైసలు, చదరపు ఐదు పైసలు, పువ్వు అంచు అణా లాంటి గుండ్రంగా లేని బిళ్ళలను మూల నుంచి మూలకు, ఎక్కడ ఎక్కువ వెడల్పు ఉంటే అక్కడ కొలవాలి. ప్లాస్టిక్ వెర్నియర్ కాలిపర్ వాడండి. స్టీలుది ముట్టుకోగానే అల్యూమినియం మీద గీత పెడుతుంది.

జిగురుతో అతికే హోల్డర్లు కూడా అమ్ముతారు. పిన్నుల బెడద లేదని వాటికి మొగ్గుతారు గానీ, మన ఎండలకు ఆ జిగురు మెత్తబడి కిటికీ అంచు దాకా పాకుతుంది. మనకు పిన్ను కొట్టేవే నయం.

లోపల పెట్టే ముందు

మన ఇళ్ళలో పాత నాణేలకు జరిగే అతి పెద్ద అపచారం చింతపండు. దేవుడి గదిలో ఇత్తడి కుందులు తోమే చేత్తోనే రాగి కానీలనూ తోమేస్తారు. ఆమ్లం పైపొరను కరిగిస్తుంది, పీచు గీతలు పెడుతుంది, బయటపడిన పచ్చి రాగి వారం తిరక్కుండా మళ్ళీ మచ్చలు పడుతుంది. నిమ్మకాయ, వంటసోడా, పీతాంబరి పొడి, టూత్‌పేస్టు, అన్నీ అదే పని చేస్తాయి. తోమిన నాణేన్ని కొనేవాడు చూడగానే పసిగడతాడు, ధర సగానికి పైగా పడిపోతుంది. నల్లబడిన వెండి రూపాయి నల్లగానే ఉండనివ్వండి.

మట్టి, పూజలో అంటిన పసుపు కుంకుమలు, నూనె జిడ్డు మాత్రం తీయాల్సిందే. కుంకుమలో సున్నం ఉంటుంది, అది తేమతో కలిస్తే లోహానికి, ముఖ్యంగా అల్యూమినియానికి, చేటు. మట్టికి డిస్టిల్డ్ వాటర్ చాలు. ఇన్వర్టర్ బ్యాటరీలకు పోసేది, సీలు తీయనిది, ఏ బ్యాటరీ షాపులోనైనా దొరుకుతుంది. గాజు గిన్నెలో పోసి రాత్రంతా నాననిచ్చి, నీళ్ళు మార్చి, మళ్ళీ నానబెట్టండి. బోరు నీళ్ళు వాడితే అందులోని లవణాలు ఆరాక తెల్ల మరకలవుతాయి. బయటికి తీశాక మెత్తటి నూలు గుడ్డ మీద పెట్టి అద్దాలి, రుద్దకూడదు. తర్వాత 24 గంటలు గాలికి ఆరనివ్వండి. తడి ఆరకుండా హోల్డర్‌లో మూసేస్తే లోపలే మచ్చ పుడుతుంది.

జిడ్డుకు, పాత సెల్లోటేపు జిగురుకు, పీవీసీ పచ్చదనానికి అసిటోన్ వాడాలి. గోళ్ళ రంగు తీసే మందు పనికిరాదు, అందులో సువాసన, నూనె కలిపి ఉంటాయి. ల్యాబ్ కెమికల్స్ అమ్మే షాపులో స్వచ్ఛమైనది అడగండి. మూత ఉన్న గాజు పాత్రలో నాణెం పూర్తిగా మునిగేలా పోసి 15 నిమిషాలు ఉంచి, ఇంకో పాత్రలో కొత్త అసిటోన్‌తో ఒకసారి ముంచి తీస్తే అదంతట అదే ఆరిపోతుంది. ఒకే పాత్రతో సరిపెడితే కరిగిన జిడ్డు ఆరేటప్పుడు మళ్ళీ నాణెం మీదే పడుతుంది. అసిటోన్ ఆవిరికి ఇట్టే నిప్పంటుకుంటుంది. దీపం, అగరొత్తి, పొయ్యి ఏదీ వెలగని గదిలో, కిటికీ తెరిచి చేయండి. రంగులద్దిన స్మారక నాణేలను ఇందులో ముంచకండి.

నాణేన్ని ఎప్పుడూ అంచులతోనే పట్టుకోవాలి. చేతులు సబ్బుతో కడిగి, పూర్తిగా తుడుచుకుని, బల్ల మీద మడిచిన టవల్ పరుచుకుని కూర్చోండి. జారి పడినా దెబ్బ తగలదు. వేలిముద్రలోని చెమట, ఉప్పు రాగి మీద కొన్ని నెలలకు గోధుమ రంగు ముద్రగా తేలుతుంది, అది మళ్ళీ పోదు. నాణెం మీదికి వంగి మాట్లాడకండి. నోటి తుంపర చుక్కలు తర్వాత నల్ల మచ్చలవుతాయి. దుమ్ము ఊదడానికి కూడా నోరు వద్దు, కెమెరా లెన్సులు ఊదే రబ్బరు బుడ్డి వాడండి.

పిన్ను కొట్టడం

రాతపని అంతా నాణెం పెట్టకముందే ముగించాలి. నాణెం లోపల ఉండగా బాల్‌పెన్నుతో నొక్కి రాస్తే మైలార్ కదిలి నాణేనికి రాసుకుంటుంది. మెత్తటి పెన్సిల్ చాలు. విలువ, సంవత్సరం, టంకశాల, లోహం, మీ జాబితాలోని నంబరు ఇవి రాయండి. కొన్న ధర అట్ట మీద రాయకండి, చూపించేటప్పుడు అందరికీ కనిపిస్తుంది.

టంకశాల గుర్తు కూడా ఇప్పుడే భూతద్దంతో చూసి రాసేయండి, తర్వాత మైలార్ వెనక నుంచి కనిపించడం కష్టం. సంవత్సరం కింద చూడాలి. వజ్రం ఉంటే ముంబయి, నక్షత్రం ఉంటే హైదరాబాద్, చిన్న చుక్క ఉంటే నోయిడా, ఏమీ లేకపోతే కోల్‌కతా. కొత్తవాళ్ళు బోల్తా పడేది పాత హైదరాబాద్ బిళ్ళల దగ్గర. నక్షత్రం రాకముందు ఇక్కడి గుర్తు నిలువుగా చీలిన వజ్రం, ఆ తర్వాత మధ్యలో చుక్క ఉన్న వజ్రం. పైపైన చూస్తే రెండూ ముంబయి వజ్రంలాగే ఉంటాయి. పది రెట్లు పెంచి చూపే అద్దం లేకుండా నయాపైసల టంకశాల రాయకండి.

ఇక హోల్డర్ విప్పి బల్ల మీద పరచండి. ఒక కిటికీ మీద నాణేన్ని నడిమధ్య, తల నిటారుగా పెట్టండి. అట్ట రెండో సగాన్ని మడిచి, వేళ్ళతో అంచులు ఒత్తి, తిప్పి చూడండి. మన గణతంత్ర నాణేలపై బొమ్మా బొరుసూ రెండూ ఒకే వైపుకు నిటారుగా ఉంటాయి. పక్కకు తిప్పితే, అంటే పుస్తకం పేజీ తిప్పినట్టు, రెండో వైపు కూడా నిటారుగానే వస్తుంది. ఒక పక్క నిటారుగా ఉండి రెండో పక్క వంకరగా వస్తే, మీరు పెట్టడంలో తప్పు లేదని తేల్చుకున్నాక ఆ బిళ్ళను వేరుగా దాచండి. అచ్చు తిరిగి పడిన నాణేలంటే ప్రత్యేకంగా వెతికేవాళ్ళున్నారు.

పిన్నులకు పెద్ద స్టేప్లర్ అక్కర్లేదు, నంబర్ 10 చిన్నది చాలు. మడత ఉన్న వైపు వదిలి మిగిలిన మూడు పక్కలా, అట్ట బయటి అంచుకు దగ్గరగా, అంచుకు సమాంతరంగా ఒక్కో పిన్ను కొట్టండి. తర్వాత వెనక్కి తిప్పి, వంగిన పిన్ను కాళ్ళను చదును ముక్కు పట్టకారుతో నొక్కి పూర్తిగా అణచాలి. చాలామంది వదిలేసే పని ఇదే. అణచని పిన్ను ఎదురు పేజీలోని ప్లాస్టిక్‌ను చించి, అక్కడి హోల్డర్ మైలార్‌ను గీకి, ఒక్కోసారి దాని లోపలి నాణెం మీదా గీత పెడుతుంది.

తీయాల్సి వచ్చినప్పుడు అట్ట రెండు సగాలను పట్టి లాగకండి. నాణెం జారి పిన్నుకు రాసుకోవడం వల్ల పడ్డ గీతలు ఎన్ని నాణేల మీద ఉన్నాయో లెక్కలేదు. ముందు మూడు పిన్నులూ విప్పేసి పారేసి, ఆ తర్వాతే అట్ట తెరవాలి. హోల్డర్ మళ్ళీ వాడదామన్న ఆశ వద్దు, కొత్తది వేయండి. సముద్రం దగ్గరి ఊళ్ళలో, విశాఖ, కాకినాడ, బందరు లాంటిచోట్ల, మామూలు పిన్నులు తుప్పుపడతాయి. స్టెయిన్‌లెస్ పిన్నులు దొరికితే అవి, దొరక్కపోతే ఎర్రబారిన హోల్డర్లను ఎప్పటికప్పుడు మార్చుకోవాలి.

పేజీలు అమర్చుకోవడం

20 జేబుల పేజీలో అడ్డంగా నాలుగు, నిలువుగా ఐదు వరసలుంటాయి. ఈ లెక్కను వాడుకుంటే అమరిక దానంతటదే కుదురుతుంది.

కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు ప్రతి సంవత్సరమూ వెతుక్కోకుండా, ప్రతి రకానికీ ఒకటి చొప్పున చేర్చుకోవడం మంచిది. మొదటి పేజీ ఇలా రావచ్చు. పై రెండు వరసల్లో 1950 నాటి అణాల కాలపు ఏడు బిళ్ళలు: గుర్రం బొమ్మ కానీ (పావు అణా), ఎద్దు బొమ్మ అర్ధణా, అణా, బేడ (రెండు అణాలు), ఆ తర్వాత గోధుమ కంకుల పావలా, అర్ధరూపాయి, రూపాయి. ఏడే కాబట్టి ఎనిమిదో జేబులో ఆ శ్రేణి పేరు రాసిన తెల్ల కార్డు. ఆ తర్వాతి రెండు వరసల్లో 1957 ఏప్రిల్ 1న మొదలైన నయాపైసల శ్రేణి: 1, 2, 5, 10, 25, 50 నయాపైసలు, వాటి జత రూపాయి. ఇవీ ఏడే, ఎనిమిదో జేబులో మళ్ళీ కార్డు. అయిదో వరసలో 1964 నెహ్రూ రూపాయి, నెహ్రూ యాభై పైసల్లో ఇంగ్లిష్ పేరున్నది ఒకటి, హిందీ పేరున్నది ఒకటి, చివర కార్డు. పేజీ నిండింది, చూసేవాళ్ళు అడగకుండానే అర్థమవుతుంది.

సంవత్సరం, టంకశాల వారీగా చేసేవాళ్ళకు ఈ పేజీ ఇంకా బాగా పనికొస్తుంది. స్టీలు రూపాయినే తీసుకోండి. నాలుగు నిలువు గళ్ళకు నాలుగు టంకశాలలు, అయిదు అడ్డ వరసలకు అయిదేళ్ళు. 1992 నుంచి 2004 దాకా మూడు పేజీల్లో సర్దుకుంటుంది. దొరకని చోట ఖాళీ హోల్డర్‌లో సంవత్సరం, టంకశాల రాసి పెట్టండి. అంగట్లో నిలబడి ‘ఇది మన దగ్గరుందా లేదా’ అని తడుముకోకుండా పేజీ ఫోటో చూసుకుంటే సరి. ప్రతి ఏడూ నాలుగు టంకశాలలూ నాణెం వేసినట్టు కాదు. అలా వేయలేదని తేలిన గడిలో అడ్డగీత కొట్టేయండి. విదేశాల్లో ముద్రించి తెచ్చిన ఏళ్ళు కూడా ఉన్నాయి. 1985 రూపాయి మీద హెచ్ అక్షరం ఉంటే అది బర్మింగ్‌హామ్‌లోని హీటన్ టంకశాలది, 1999 ఐదు రూపాయల మీద రష్యన్ అక్షరాలుంటే మాస్కోది. వీటికి చివర ఒక పేజీ విడిగా ఉంచుకుంటే గళ్ళ లెక్క చెడదు.

పేజీలో ఒకే లోహం ఉండాలన్న పట్టింపు అక్కర్లేదు, హోల్డర్లు వాటిని విడదీస్తూనే ఉన్నాయి. చిలుము పట్టిన బిళ్ళను మాత్రం మంచివాటి మధ్య పెట్టకండి. ముదురు పచ్చగా, గట్టిగా, అంటుకుని ఉన్న పొర పాతది, అది కదలదు. లేత పచ్చగా, పొడిపొడిగా రాలుతూ, తుడిచినా మళ్ళీ పుడుతుంటే అది క్లోరైడు తెగులు, తేమ ఉన్నన్నాళ్ళూ సాగుతూనే ఉంటుంది. అలాంటిదాన్ని విడిగా చిన్న జిప్ కవరులో, సిలికా జెల్‌తో పాటు ఉంచాలి.

కొన్ని మొండి లోహాలు

ఒకటి, రెండు, మూడు పైసల అల్యూమినియం బిళ్ళలు దూదిలా తేలిక, మైనంలా మెత్తన. పిన్ను మొన తగిలినా సొట్ట పడుతుంది. వీటికి కిటికీ మరీ పెద్దది తీసుకోకండి, సబ్బు, సోడా తగలనివ్వకండి. తేమకు తెల్లటి బూడిదలాంటి పొర వస్తుంది, అది పోదు.

శాతవాహనుల నాణేలు మీ దగ్గరుంటే మరింత జాగ్రత్త. వాటిలో సీసంతో చేసినవి చాలా ఉన్నాయి. సీసానికి అట్ట, ప్లైవుడ్, చెక్క బీరువా ఏవీ పడవు. వాటి నుంచి వచ్చే ఆమ్లపు ఆవిరికి సీసం తెల్లటి పొడిగా మారి, అక్షరాలతో సహా రాలిపోతుంది. అట్ట హోల్డర్ వద్దు. పాలీఇథిలీన్ కవరు గానీ క్యాప్స్యూల్ గానీ వాడి, ఇనప బీరువాలో ఉంచండి. ముట్టుకున్నాక చేతులు కడుక్కోకుండా ఏమీ తినకూడదు, ఆ పొడి విషం.

చార్మినార్ బొమ్మ ఉన్న నిజాం రూపాయిలు, విక్టోరియా రూపాయిలు వెండివి కాబట్టి గంధకానికి దూరంగా ఉండాలి. వార్తాపత్రిక కాగితం, ఖాకీ కవర్లు, రబ్బరు బ్యాండ్లు, ఉన్ని గుడ్డ అన్నీ గంధకాన్ని వదిలేవే. రబ్బరు బ్యాండు చుట్టి దాచిన రూపాయిల దొంతర మీద బ్యాండు ఆనిన చోటల్లా నల్ల పట్టీ పడుతుంది. కాసులపేరులో గుచ్చి వాడిన బిళ్ళలకు అంచున కొక్కెం అతికిన టంకం గుర్తు ఉంటుంది. అది గీకితే మచ్చ పెద్దదవుతుందే తప్ప నాణెం బాగుపడదు, ఉన్నది ఉన్నట్టే పెట్టండి.

ఎక్కడ ఉంచాలి

ఆల్బమ్‌ను పుస్తకంలా నిలబెట్టండి. పడుకోబెట్టి ఒకదాని మీద ఒకటి పేరిస్తే కింది పేజీల్లో పిన్నులు, అంచులు ఒకదానికొకటి ఒత్తుకుని అచ్చులు పడతాయి. ఇనప బీరువా మధ్య అర మంచిది. కింది అరకు నేల చెమ్మ, పై అరకు శ్లాబు వేడి తగులుతుంది. వంటింటికి, బాత్రూముకు ఆనుకున్న గోడ వద్దు.

బీరువాలో కలరా ఉండలుంటే తీసేయండి. వాటి ఆవిరికి పాలీస్టైరీన్ క్యాప్స్యూళ్ళు మెత్తబడి మసకబారతాయి. ఈ మధ్య వచ్చే ఉండల్లో చాలావాటిలో క్లోరిన్ ఉన్న రసాయనం ఉంటుంది. ఒకే అరలో కర్పూరం కూడా పెట్టకండి.

తేమకు సిలికా జెల్ పొట్లాలు పెట్టండి. రంగు మారే రకమైతే ఎప్పుడు తడిసిందో తెలుస్తుంది. నీలం గింజలు గులాబీ రంగుకు తిరిగితే పని అయిపోయినట్టు. నీలం రంగు ఇచ్చే కోబాల్టు లవణం మంచిది కాదు, పిల్లలున్న ఇంట్లో నారింజ రంగువి తీసుకోండి. తడిసినవాటిని 120 డిగ్రీల ఓవెన్‌లో గంట, రెండు గంటలు ఉంచితే మళ్ళీ పనికొస్తాయి. వంటకు వాడే పళ్ళెంలో మాత్రం వద్దు. చిన్న డిజిటల్ తేమ మీటరు ఒకటి బీరువాలో పెట్టుకుంటే ఊహలతో పనిలేదు. 50 శాతం లోపు ఉంచడం లక్ష్యం. తెరిచి ఉన్న అరలో సిలికా జెల్ దండగ, ఊళ్ళో తేమనంతా పీల్చబోతుంది. ఆల్బమ్‌ను మూత గట్టిగా పడే ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి అందులో వేయండి. బ్యాంకు లాకరులో పెట్టినా ఇదే పద్ధతి.

అందరికీ చూపించాలనుకుంటే

గోడకు ఫ్రేము కడితే చాలామంది బొమ్మ వైపు మాత్రమే కనిపించేలా పెట్టేస్తారు. ఒకే రకం రెండుంటే ఒకటి బొమ్మ, పక్కన ఇంకోటి బొరుసు పెట్టండి. నాణేలను నేరుగా గుడ్డకో అట్టకో అతికించకండి. ఫెవికాల్, గ్లూ గన్, డబుల్ టేపు ఏదైనా సరే, తీసేటప్పుడు మచ్చ మిగులుతుంది. క్యాప్స్యూల్‌లో పెట్టి, ఆ క్యాప్స్యూల్ సరిగ్గా పట్టేలా పాలీఇథిలీన్ ఫోము షీటులో గుండ్రంగా కోసి దోపాలి. ఐదు రూపాయల అంచు మీది గాడి కూడా కనిపించాలంటే క్యాప్స్యూలే మార్గం. వానాకాలంలో బయటి గోడలు చెమర్చుతాయి, ఫ్రేము లోపలి గోడకే తగిలించండి. వెండివి, ధర పలికేవి గోడ మీద అసలే వద్దు. అక్కడ మామూలు చిల్లర చాలు.

టంకశాల వాళ్ళు ప్యాక్ చేసి అమ్మిన ప్రూఫ్ సెట్లను (సేకరించేవాళ్ళ కోసం ప్రత్యేకంగా మెరిసేలా అచ్చేసిన నాణేలను) విప్పి ఆల్బమ్‌లో సర్దే ఆలోచన మానుకోండి. పెట్టె, కార్డు, సీలు పోతే విలువలో పెద్ద భాగం పోయినట్టే.

జాబితా, చట్టం

ప్రతి హోల్డర్ మీది నంబరుకు ఎక్సెల్ షీటులో ఒక వరస ఉండాలి: ఏ పేజీ, ఏ జేబు, బరువు, కొలత, ఎప్పుడు, ఎంతకు కొన్నారు. 0.01 గ్రాము దాకా చూపే త్రాసు మీద తూచి రాయండి. బొమ్మా బొరుసూ ఫోటోలు తీసి ఇంటి బయట కూడా ఒక కాపీ ఉంచండి. దొంగతనం జరిగినా, వారసులు పంచుకోవాల్సి వచ్చినా అవే ఆధారం. ‘మీ పాత నాణేనికి లక్షలిస్తాం, ముందు కమీషన్ కట్టండి’ అనే ఫోన్లు రిజర్వు బ్యాంకు పేరుతో వస్తాయి. ఆ పేరు వాడి మోసం చేస్తున్నారని రిజర్వు బ్యాంకే 2021లో ప్రకటన ఇచ్చింది.

అమెరికాకో ఆస్ట్రేలియాకో వెళ్ళే పిల్లల సామాన్లో తాతగారి నాణేలు పెట్టే ముందు ఒక్క మాట. నూరేళ్ళు దాటిన నాణెం 1972 నాటి పురావస్తువుల చట్టం కింద పురావస్తువు, అనుమతి లేకుండా దేశం దాటించడం నేరం. పొలంలో దున్నుతుంటే కుండలో దొరికినవైతే 1878 నిక్షేపాల చట్టం ప్రకారం కలెక్టరుకు తెలపాలి. అలాంటివి ఎవరైనా చవగ్గా ఇస్తామన్నా ఆల్బమ్‌లోకి రానివ్వకండి.

ఏడాదికి రెండుసార్లు, ఎండలు ముదరకముందు ఒకసారి, వానలు వెలిశాక ఒకసారి, ప్రతి పేజీ వెలుతురులో తిప్పి చూడండి. మైలార్ లోపల మసక, పిన్ను చుట్టూ ఎరుపు, నాణెం అంచున కొత్త పచ్చదనం, పేజీలో జిగట ఈ నాలుగూ వెతకాలి. ఏది కనిపించినా ఆ ఒక్క హోల్డర్‌తో ఆగకండి. అదే పేజీలో మిగిలిన పందొమ్మిదీ తీసి చూసి, అనుమానమున్న నాణేన్ని అసిటోన్‌లో ముంచి, పేజీ మార్చి, సిలికా జెల్ కొత్తది వేయండి.